సింహాచలం మావయ్య కొన్న అద్దం

కోరాడ సింహాచలం మావయ్య ఇక లేరు. పదిహేను రోజుల కిందట, ఒక బుధవారం పొద్దున్న, భిలాయ్ ఖుర్సీపార్‌లో తన ఇంటి పెరట్లో పళ్ళు తోముకుంటూ తలెత్తి ఆకాశం చూశారు. "ఇయ్యాల మబ్బు బాగుందే" అని వంటింట్లో ఉన్న పైడమ్మ అత్తయ్యతో అన్నారు. నీళ్ళ డ్రమ్ము పక్కనున్న స్టూలు మీద కూర్చున్నారు. అత్తయ్య టీ గ్లాసుతో వచ్చేసరికి ఇంకా పైకే చూస్తున్నారు. ఆకాశం చూస్తున్నప్పుడు పిలిస్తే పలకకపోవడం ఆయనకు మామూలే. అందుకని టీ చల్లారిపోతోందని అత్తయ్య రెండుసార్లు కసిరింది కూడా.

నాన్న ఫోన్ చేసినప్పుడు నేను బడి లైబ్రరీలో పుస్తకాలకు నంబరు చీటీలు అంటిస్తున్నాను. విన్నాక ఏం చేయాలో తెలియక కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. పైన ఆకాశం, కింద ఆటస్థలం. ఆకాశం నేలకన్నా మూడు మెట్లు ఎక్కువ వెలుగుగా ఉంది, రెండు మెట్ల అద్దం సరిపోతుంది అనుకున్నాను. మనిషి పోయాడని విన్న మరునిమిషంలో ఇలాంటి ఆలోచన వచ్చినందుకు సిగ్గేసింది. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. నా చేతిలో ఉన్న చీటీ ఏ పుస్తకానికి అంటించానో ఇప్పటికీ తెలియలేదు.

ఈ నాలుగు మాటలు మన భిలాయ్ తెలుగువాళ్ళ పత్రికకు రాయమని చెప్పింది నాన్నే. "'అస్తమించారు' అనీసి మొదలెట్టు, గౌరవంగా ఉంటాది" అన్నాడు. కానీ అది కుదరదు. అస్తమయం అంటే మావయ్యకు పని మొదలయ్యే వేళ. ఆ వేళకు ఆయన ఎక్కడికీ వెళ్ళిపోయేవారు కాదు. మరోడా చెరువు గట్టు మీద మూడుకాళ్ళ స్టాండు దిగేసుకుని నిలబడేవారు.

మావయ్యా నాన్నా ప్లాంటులో ఒకే చోట, ఉక్కు కరిగించే కొలిమి దగ్గర పనిచేశారు. ఆ కొలిమిలోకి ఉత్త కళ్ళతో చూడకూడదు. నీలం అద్దం అడ్డం పెట్టుకుని చూడాలి. మావయ్య ముప్పై ఏళ్ళకు పైగా ఆ అద్దంలోంచే ప్రపంచాన్ని చూశారు. కొలిమిలోకి ఒకసారి చూసి ఉక్కు ఎంత కాగిందో చెప్పేసేవారని, తర్వాత యంత్రం పెట్టి కొలిస్తే అదే లెక్క వచ్చేదని నాన్న అంటాడు. రిటైరైన రోజున ఆయనకు శాలువా, గోడగడియారం ఇచ్చారు. ఆయన అడిగి తెచ్చుకున్నది మాత్రం ఆ నీలం అద్దమే. అది లేకుండా ఆయన జేబు నేనెన్నడూ చూడలేదు. కూరగాయల బజారులో మిట్టమధ్యాహ్నపు ఎండనూ దాంట్లోంచే చూసేవారు, వీధి దీపాన్నీ దాంట్లోంచే చూసేవారు.

ఒకసారి మా వీధిలో పెళ్ళి. వేదిక మీద పెద్ద పెద్ద లైట్లు. మావయ్య ముందు వరసలో కూర్చుని, నీలం అద్దం కంటికి పెట్టుకుని, పెళ్ళికూతురి వైపు పది నిమిషాలు కదలకుండా చూశారు. పెళ్ళికూతురి తల్లికి ఒళ్ళు మండింది.

"ఏటి బావా, మా గుంటని కొలిమి సూసినట్టు సూస్తన్నావు?"

"గుంట బాగానే ఉందమ్మా. నెత్తి మీద లైటే నాలుగు మెట్లు ఎక్కువైపోనాది. కొంచెం తగ్గించమను, మొకం కనబడతాది."

ఆవిడకు కోపం పోలేదు గానీ లైటు తగ్గించారు. ఆ పెళ్ళి ఫోటోల్లో పెళ్ళికూతురు ముఖం ఒక్కటే ముఖంలా ఉంటుంది. తగ్గించకముందు తీసిన పెళ్ళికొడుకు ఫోటోలన్నీ తెల్లటి పింగాణీ పళ్ళేల్లా ఉంటాయి.

మెట్టు అంటే ఏమిటో చెప్పాలి. వెలుగు ఒక మెట్టు తగ్గితే సగమవుతుంది, రెండు మెట్లు తగ్గితే పావు అవుతుంది. రిటైరయ్యాక మావయ్య ఒక మంచి కెమెరా కొన్నారు. చెట్లూ చెరువులూ మబ్బులూ తీయాలని ఆశ. కానీ కెమెరాకు మన కన్నంత తెలివి లేదు. నేల సరిగ్గా పడితే ఆకాశం సున్నం కొట్టినట్టు తెల్లగా వస్తుంది, ఆకాశం సరిగ్గా పడితే నేల బొగ్గయిపోతుంది. దీనికి మందుగా పై సగం పొగరంగులో, కింది సగం మామూలు గాజులా ఉండే పలక ఒకటి దొరుకుతుంది. కెమెరా ముందు పెడితే నల్ల సగం ఆకాశాన్ని తగ్గిస్తుంది, కింది సగం నేలను ఉన్నట్టే వదిలేస్తుంది. గ్రాడ్యుయేటెడ్ న్యూట్రల్ డెన్సిటీ ఫిల్టర్ అని దాని పేరు. అంత పేరు పలికేలోపల పొద్దు గుంకిపోతుందని మావయ్య దాన్ని సగం నల్లద్దం అనేవారు.

ఆ అద్దాల్లో మంచిది ఒకటి కొనడానికి ఆయనకు ఆరేళ్ళు పట్టింది. ఆ ఆరేళ్ళూ ఆయన వెనక తిరిగిన శిష్యురాలిని నేను. శిష్యురాలినయ్యింది నా గొప్పతనం వల్ల కాదు. ఇంట్లో మూల కూర్చుని పుస్తకాలు చదవడం తప్ప నాకు మరో లోకం లేదని నాన్నకు బెంగ. "ఆదివారం ఆదివారం దీన్ని కూడా కాస్త బయట తిప్పు బావా" అని, కుక్కపిల్లను అప్పగించినట్టు నన్ను ఆయనకు అప్పగించాడు. నాకు మనుషులతో మాట్లాడాలంటే గొంతు పూడుకుపోతుంది. మావయ్య పక్కన ఆ ఇబ్బంది ఉండేది కాదు. ఆయన నాతో మాట్లాడుతున్నప్పుడు కూడా ఆకాశం వైపే చూసేవారు. ఇంటికొచ్చి ఆయన అన్నవి డైరీలో రాసుకునేదాన్ని. ఇప్పుడు రాసేదంతా అందులోంచే.

"ముందు ఆకాశం కొలు. తరవాత నేల కొలు. రెంటికీ ఎన్ని మెట్లు తేడా ఉందో సూడు. మూడుంటే రెండు మెట్ల అద్దం ఎట్టు. మూడూ తీసీకు. ఆకాశం ఆకాశంలాగ రవ్వంత మిగలాల." ఇది మొదటి ఆదివారం పాఠం. దాని కింద నా డైరీలో, "అద్దం ఎట్టినట్టు తెలిసిపోతే ఆ అద్దం తప్పు" అని కూడా ఉంది.

ఆ పాఠం చెప్పేనాటికి ఆయన దగ్గర అద్దం లేదు. సొంతంగా ఒకటి తయారుచేశారు. పాత ఫోటో ఫ్రేము గాజు ముక్కను కిరసనాయిలు దీపం మీద పట్టి, పై సగానికి మసి పట్టించారు. పైన చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ పల్చగా, మధ్యకు వచ్చేసరికి ఏమీ లేకుండా, ఎంతో ఓపికగా. చూడ్డానికి ముచ్చటగా ఉండేది, కానీ ముట్టుకుంటే పోతుంది. దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని ప్లాంటు చిమ్నీలు కనిపించే రోడ్డు పక్కన నిలబడ్డాం. అటుగా వచ్చిన గార్డు, ఇక్కడ ఫోటోలు తీయకూడదని ఆపాడు.

"ఏ దాదా, ఇధర్ ఫోటో మనా హై."

"ఫోటో కౌన్ లే రహా హై భయ్యా? మైఁ తో ఆస్మాన్ కమ్ కర్ రహా హూఁ."

ఆకాశం తగ్గిస్తున్నానన్న మనిషిని ఏ నిబంధన కింద పట్టుకోవాలో ఆ గార్డుకు తోచలేదు. ఏదీ చూడనివ్వమని గాజు తీసుకుని కంటికి ఆనించుకున్నాడు. "అరే వాహ్" అన్నాడు. సాయంత్రమంతా ఒక కంటి చుట్టూ నల్లటి సున్నాతో డ్యూటీ చేశాడు. అతనికి చెబుదామని నాకు అనిపించింది గానీ నోరు పెగల్లేదు. మావయ్య చెప్పలేదు. గాజు మీద మసి పాడైందని ఆయనకు కోపం.

తర్వాత ఆన్‌లైన్‌లో ఒక చవక అద్దం తెప్పించారు. దాంతో తీస్తే ఆకాశం తగ్గింది గానీ, తగ్గినంత మేరా వంగపండు రంగులోకి తిరిగింది. మావయ్య ఆ ఫోటో పెద్దది చేయించి గోడకు పెట్టారు. తప్పు రోజూ కళ్ళ ముందు ఉండాలట.

అత్తయ్య దాన్ని చూసి, "ఏటిది? ఆకాశంలో వంకాయలు పండిస్తన్నావేటి?" అంది.

"రంగు తప్పిందిలే. అసలుది ఏ రంగూ పూయకూడదు. ఉత్త నీడలాగ ఉండాల."

"ఉత్త నీడకోసం ఇంత యాతనేటి? సాయంత్రం దాకా ఆగు, అదే వస్తాది."

అత్తయ్య మాట మీద ఆయన రెండు రోజులు నిజంగానే ఆలోచించారు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. మంచి అద్దాలమ్మే దుకాణం రాయ్‌పూర్‌లో ఉంది. అక్కడ తెలిసిన సంగతేమిటంటే, సగం నల్లద్దాల్లో రెండు జాతులున్నాయి. ఒకదాంట్లో నలుపు గీత గీసినట్టు మధ్యలో టక్కున ఆగిపోతుంది. అది గట్టి అంచు అద్దం. రెండో దాంట్లో నలుపు మెల్లగా పల్చబడుతూ ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. అది మెత్తని అంచు అద్దం. ఆకాశం నేల కలిసే గీత తిన్నగా ఉండే చోట గట్టిది కావాలి, ఎగుడు దిగుడుగా ఉండే చోట మెత్తది కావాలి.

దుకాణం భయ్యా మంచివాడు. ఒకరోజుకు రెండూ ఇచ్చి పంపాడు. మరోడా గట్టు మీద గట్టిది పెట్టి తీస్తే దూరంగా ఉన్న చిమ్నీలన్నీ నడుం దాకా మామూలుగా, నడుం పైన మాడిపోయినట్టుగా వచ్చాయి. మెత్తది పెడితే చిమ్నీలు చిమ్నీల్లా వచ్చాయి. నేను సంతోషించి, "అయితే మెత్తదే కదా మావయ్యా?" అన్నాను. ఆయన అద్దం దించి గుడ్డతో తుడిచారు.

"ఇక్కడికి మెత్తదే. మా ఊరికి?"

ఆయనది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు ఊరు. అక్కడ ఆకాశం నేలతో కలవదు, నీళ్ళతో కలుస్తుంది. ఆ గీత తాపీమేస్త్రీ దారం పట్టినట్టు తిన్నగా ఉంటుంది. "అక్కడ మెత్తది ఎట్టితే ఏటవుద్దో తెల్సా? ఎక్కువ వెలుగు ఆ గీత మీదే ఉంటాది. మెత్తద్దం అక్కడికొచ్చేతలికే నీరసించిపోద్ది. అక్కడికి గట్టిదే కావాల."

ఊళ్ళో ఆయన తమ్ముడు అప్పలనాయుడు గారు అన్నగారి కోసం సముద్రానికి ఎదురుగా స్థలం అట్టిపెట్టారు. రిటైరయ్యాక వచ్చేయమని ఏటా పిలుపు. అత్తయ్య పుట్టింది ఇక్కడే, క్యాంప్ 2లో. ఆవిడ దృష్టిలో సముద్రం చుట్టపుచూపుగా వెళ్ళి, తలంతా జిడ్డు చేసుకుని తిరిగొచ్చే చోటు. పిల్లలు లేరు. ఉన్నది ఇద్దరు, వాళ్ళకు ఊళ్ళు రెండు. ఖుర్సీపార్ ఇల్లు ఉంచాలా అమ్మాలా అని ప్రతి ఎండాకాలం మాట వచ్చేది. మావయ్య ప్రతిసారీ ఒకే మాట అనేవారు: "ముందు అద్దం తేలనీ."

అలా ఆరేళ్ళు గడిచాయి. రెండు మూడు నెలలకొకసారి రాయ్‌పూర్ వెళ్ళేవాళ్ళం. దుకాణం భయ్యా మమ్మల్ని చూడగానే రెండు డబ్బాలూ తీసి బల్ల మీద పెట్టి, తన పని తాను చేసుకునేవాడు. మావయ్య రెండు అద్దాలూ చెరో చేత్తో పట్టుకుని దుకాణం బయటికొచ్చి, రోడ్డు మధ్యదాకా నడిచి, ఆకాశానికెత్తి చూసేవారు. ఆటోలు తప్పుకుని పోయేవి. ఎవరైనా హారన్ కొడితే, "జర రుకో భయ్యా, జిందగీ కా సవాల్ హై" అనేవారు, ఇది బతుకు సమస్య, కాస్త ఆగమని. వాళ్ళు నవ్వుకుంటూ పోయేవారు. ఆయన నవ్వేవారు కాదు.

ఇంటికి రాగానే గుమ్మంలోనే అత్తయ్య ప్రశ్న. "ఏటి, గట్టిదా మెత్తదా?"

"ఇంకా తేల్లేదు."

అప్పుడు అత్తయ్య ఒక నిట్టూర్పు విడిచేది. అది విసుగనుకునేదాన్ని. చాలా రోజులకు అర్థమైంది, అది ఇంకొన్నాళ్ళు గడువు దొరికిందన్న నిట్టూర్పు.

ఒకసారి ఆవిడే అంది. "రెండూ కొనీయరాదా? గోల వదిలిపోద్ది."

మావయ్యకు అంత కోపం రావడం అదే మొదటిసారి, అదే చివరిసారి. "రెండూ కొనుక్కున్నోడికి ఏదీ అక్కర్లేదన్నమాట! సంచిలో సెయ్యెట్టిన ప్రతిసారీ ఆలోచించుకోడానికా? ఒక మడిసికి ఒక అద్దం." ఆ రోజు అన్నం కూడా తినలేదు. అత్తయ్య పెరుగన్నం కలిపి పక్కన పెట్టి, "ఇది మెత్తదే, తినీయ్" అంది. తిన్నారు.

పోయిన దీపావళి ముందు చివరిసారి వెళ్ళినప్పుడు దుకాణం భయ్యా ఓపిక నశించి, "దాదా, మీడియం భీ ఆతా హై. మంగానా పడేగా" అన్నాడు. రెంటికీ మధ్యరకం ఒకటుంది, కావాలంటే తెప్పిస్తానని. మావయ్య ఆ మాటకు నొచ్చుకున్నారు. బస్సులో వస్తూ, "మీడియమట! తేల్చుకోలేనోళ్ళ కోసం కూడా సరుకు తయారుసేస్తన్నారు సూడు" అన్నారు. డైరీలో ఈ మాట కింద నేను గీత గీసుకున్నాను. ఎందుకు గీశానో అప్పుడు తెలియదు.

ఆయనను మహా కళాకారుడని రాస్తే అబద్ధం. ఆరేళ్ళలో ఆయన తీసిన మంచి ఫోటోలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొలిచి, మళ్ళీ కొలిచి, నన్ను కొలవమని, ఇద్దరి లెక్కా కలవకపోతే మూడోసారి కొలిచేలోపు పొద్దు గుంకేది. "తొందరపడిపోనాడు" అని సూర్యుడి మీద నెపం వేసి సంచి సర్దుకునేవారు. కానీ ఆయనతో నడిచాక నేను ఆకాశం వైపు ఉత్తినే చూడటం మరచిపోయాను. ఏ వెలుగు ఎక్కడ ఎక్కువైందో, దాని వల్ల కింద ఏది కనబడకుండా పోతోందో వెతకడం అలవాటైంది. నలుగురిలో గట్టిగా మాట్లాడేవాళ్ళు ఉన్నప్పుడు ఆయన నా పక్కకొచ్చి కూర్చుని, "ఉండండి బావూ, ఈ గుంట ఏదో అంతంది" అనేవారు. నేను ఏమీ అనకపోయినా సరే, అందరూ ఆగేవారు. ఆ ఆగిన కాసేపట్లో ఏదో ఒకటి అనక తప్పేది కాదు నాకు.

ఆయన పోయిన మరునాడు, గురువారం, అప్పలనాయుడు గారు ఊరినుంచి వచ్చి తలకొరివి పెట్టారు. శనివారం పొద్దున్న అస్థికలు ఏరి తెచ్చారు. ముంత ఇంట్లోకి తేకూడదని పెరట్లో వేపచెట్టు కొమ్మకు కట్టారు. వాకిట్లో చాపలు వేసి పదిహేను మంది దాకా కూర్చున్నాం. అప్పుడు వచ్చింది మాట, ఎక్కడ కలపాలని.

"అన్నియ్య సముద్రం మడిసి వదినా. సాయంత్రం రైలుకి నాను పట్టుకెళ్ళిపోతాను. పుట్టిన నీళ్ళలోనే కలుపుదుము" అన్నారు అప్పలనాయుడు గారు.

నాన్న ఊరుకోలేదు. "జీవితమంతా ఇక్కడే గడిపినాడు. మన శివనాథ్ నది ఏటి తప్పు సేసింది?"

ఇద్దరూ అత్తయ్య వైపు చూశారు. ఆవిడ వేపచెట్టు వైపు చూస్తూ, "నన్నడక్కండి బావూ. ఆయన మనసులో ఏటుందో నాకు తెల్దు. ఏనాడూ తేల్చి సెప్పలేదు" అంది.

అప్పుడే వీధి గేటు దగ్గర బండి ఆగింది. డెలివరీ భయ్యా, నడివయసు మనిషి, చేతిలో చిన్న డబ్బా. "కె. సింహాచలం? ఓటీపీ బతాయియే."

ఓటీపీ వెళ్ళింది మావయ్య ఫోనుకి. ఆ ఫోను ఎక్కడుందో ఎవరికీ తెలియదు. బుధవారం నుంచి ఎవరికీ దాని ఆలోచనే రాలేదు. పదిహేను మందీ లేచి ఇల్లంతా వెతికాం. నాన్న మంచం కింద దూరాడు. అప్పలనాయుడు గారు బియ్యం డబ్బాలో కూడా చెయ్యి పెట్టి చూశారు. చివరికి కెమెరా సంచిలో, నీలం అద్దం పక్కన దొరికింది. చార్జింగ్ లేదు. చార్జింగ్ పెట్టి, అది మేలుకునేదాకా డెలివరీ భయ్యాకు టీ ఇచ్చాం. సంగతి తెలిసి ఆయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మాఫ్ కర్‌నా మాజీ, బినా ఓటీపీ కే దేంగే తో మేరీ నౌక్‌రీ జాయేగీ" అని, ఓటీపీ లేకుండా ఇస్తే తన ఉద్యోగం పోతుందని అత్తయ్యతో మెల్లగా అన్నాడు. అత్తయ్య తల ఊపింది. "నువ్వు తాగు భయ్యా. ఆయన బతికున్నా ఇంతసేపే పట్టీది."

డబ్బా అత్తయ్య చేతిలోకి వచ్చింది. పోవడానికి నాలుగు రోజుల ముందు ఆర్డరు పెట్టినట్టు దాని మీద ఉంది. నాకు కూడా చెప్పలేదు.

"అద్దమే" అంది అత్తయ్య. అప్పలనాయుడు గారికి గట్టిదీ మెత్తదీ కథ చెప్పింది. చెప్పి, "తీసీయండి. గట్టిదైతే మీరు పట్టుకెళ్ళండి. మెత్తదైతే ఇక్కడే" అంది.

"గాజుముక్క సెప్తాదేటి వదినా?"

"ఆరేళ్ళు నాతో సెప్పనిది దానికే సెప్పుకున్నాడు బావూ."

డబ్బా విప్పారు. గుడ్డ సంచిలో పలక. మావయ్య కాక ఆ ఇంట్లో దాన్ని చదవగలిగిన మనిషి నేనొక్కదాన్నే. "ఒలే గుంటా, ఎత్తి సూడు" అంది అత్తయ్య. పదిహేను మందీ నా వైపు తిరిగారు. "ఉండండి బావూ, ఈ గుంట ఏదో అంతంది" అనే మనిషి లేడు. అయినా అందరూ ఆగారు.

అంచులు పట్టుకుని వాకిట్లోకి నడిచి ఆకాశానికెత్తాను. ఆ క్షణాన ఒక సంగతి తట్టింది. నేను ఏ మాట చెబితే అదే నమ్ముతారు. అత్తయ్య ఏ మాట కోసం చూస్తోందో నాకు తెలుసు. అప్పలనాయుడు గారి కళ్ళలో ఏ మాట ఉందో కూడా తెలుసు. అద్దంలోకి చూశాను. నలుపు గీత గీసినట్టు ఆగలేదు. చివరిదాకా పల్చబడుతూ కూడా పోలేదు. కొంచెం దూరం మెల్లగా తగ్గి, ఆ తర్వాత ఆగింది. మూల చూశాను. చిన్న అక్షరాల్లో రాసే ఉంది.

"మీడియం" అన్నాను.

"అంటే?" అన్నాడు నాన్న.

"గట్టిదీ కాదు, మెత్తదీ కాదు. మధ్యరకం."

అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని నేను దగ్గరికి వెళ్ళాను. నవ్వుతోంది. బుధవారం నుంచి కంట తడి పెట్టని మనిషి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా నవ్వింది. "సచ్చిపోయి కూడా తేల్చలేదే ఈ మడిసి!" అంది. ముందు నాన్న నవ్వాడు, తర్వాత అందరం నవ్వాం. గేటు దగ్గర డెలివరీ భయ్యా భయపడి బండి స్టార్ట్ చేశాడు.

నవ్వు తగ్గాక అప్పలనాయుడు గారు నెమ్మదిగా, "అయితే సెరిసగం వదినా. సగం నది, సగం సముద్రం. అన్నియ్య సెప్పింది అదే కావచ్చు" అన్నారు. న్యాయంగానే ఉందని కొందరు తలలూపారు.

అత్తయ్య కళ్ళు తుడుచుకుంది. "వద్దు బావూ. బతికినన్నాళ్ళూ సగం ఇక్కడ, సగం అక్కడే ఉన్నాడు. ఇప్పుడైనా ఒక్క దగ్గర ఉండనీయండి. ఆయన తేల్చలేదు కదా, నాను తేలుస్తాను. నానుండేది ఇక్కడ. ఆయనుండేదీ ఇక్కడే."

అప్పలనాయుడు గారు తల వంచుకుని, "సరే వదినా" అన్నారు. ఆయన బయల్దేరేటప్పుడు అత్తయ్య నీలం అద్దం తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "ఇది పట్టుకెళ్ళండి. ఒకసారి దీంట్లోంచి సముద్రం సూడండి, ఆయన తరఫున."

"సముద్రం ఎలాగూ నీలమే కదా వదినా" అన్నారాయన. కానీ జేబులో పెట్టుకున్నారు. మాటిమాటికీ జేబు తడుముకుంటూ వెళ్ళారు, అచ్చం అన్నగారిలాగే.

ఆదివారం శివనాథ్ ఒడ్డుకు వెళ్ళాం. అస్థికలు కలిపి అందరూ గట్టెక్కాక, అత్తయ్య నన్ను ఆపింది. కెమెరా సంచి ఆవిడే మోసుకొచ్చిందని నేను అప్పటిదాకా చూడలేదు. "ఆయన అద్దం ఎట్టి ఒకటి తియ్యి" అంది.

అవతలి ఒడ్డున సగం దూరం ఇసుక తిన్నగా ఉంది, మిగతా సగం తుమ్మచెట్లు ఎగుడు దిగుడుగా ఉన్నాయి. గట్టిది పెడితే చెట్ల తలలు మాడేవి. మెత్తది పెడితే ఇసుక మీది వెలుగు ఆగేది కాదు. ముందు ఆకాశం కొలిచాను, తర్వాత నీళ్ళు కొలిచాను. మూడు మెట్లు తేడా. చేతిలో ఉన్నది రెండు మెట్ల అద్దం. ఆకాశం ఆకాశంలాగ రవ్వంత మిగులుతుంది. పలకను కొంచెం కొంచెంగా కిందికి జరిపి, రెండోసారి కొలవకుండా తీశాను. ఆయనుంటే ఒప్పుకునేవారు కాదు.

ఇలాంటి మనిషి మళ్ళీ మనకు దొరకరు. గొప్ప పనులు చేసినవాళ్ళు దొరకవచ్చు. ఒక చిన్న గాజుపలక ముందు ఆరేళ్ళు నిజాయితీగా నిలబడిన మనిషి దొరకరు. ఇకమీదట ఆదివారాలు నేను ఎవరి పక్కన నిలబడి కొలవాలో తెలియడం లేదు. మావయ్యా, మీకు నా నమస్కారం.

ఆ ఫోటో అత్తయ్యకు కెమెరా తెర మీదే చూపించాను. నది, ఇసుక, చెట్లు, పైన మబ్బులు, ఏదీ మాడలేదు, ఏదీ వెలిసిపోలేదు. ఆవిడ తెరను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, ఈ మూల నుంచి ఆ మూలకు చాలాసేపు వెతికింది.

"ఎట్టినావా అద్దం?"

"ఎట్టాను అత్తయ్యా."

"ఈ మడిసి ఎక్కడా కనబడడేటే?"